మూడు వేళ్లు, ఆరు తీగలు

చేతికి దెబ్బ తగిలి ఏళ్ల తరబడి గిటారు పక్కన పెట్టినవాళ్లు మళ్లీ ఎలా వాయిస్తారు? జాజ్ చరిత్రలో దానికి గట్టి జవాబులే ఉన్నాయి. ఫ్యాక్టరీల ఊరు గడ్డపోతారంలో కూర్చుని చదివితే అవి మన పక్క షెడ్డులో జరిగినట్టే ఉంటాయి.

వేలికి చట్టంలో ఒక వెల ఉంది. 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం వెనక జతచేసిన పట్టికలో అది శాతాల్లో కనిపించేది. చూపుడు వేలు పూర్తిగా పోతే సంపాదించే శక్తిలో 14 శాతం పోయినట్టు. మధ్య వేలికి 12. ఉంగరపు వేలు గానీ చిటికెన వేలు గానీ పూర్తిగా పోతే 7. ఎముకకు దెబ్బ తగలకుండా ఉంగరపు వేలి కొస మాత్రం తెగితే 2. వేళ్లన్నిటిలో విలువైనది బొటనవేలు, దానికి 30. ఈఎస్‌ఐ మెడికల్ బోర్డు లెక్క కట్టేదీ ఇలాంటి పట్టిక ముందు పెట్టుకునే.

గడ్డపోతారంలో ఆ పట్టిక చదివినవాళ్లు తక్కువ. "ఎంత పర్సెంట్ రాసిన్రన్నా?" అన్న ప్రశ్న మాత్రం షిఫ్ట్ మారే వేళ టీ కొట్టు దగ్గర ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడుతుంది. పట్టిక మీద నాకు కోపం లేదు. కూలి పోయిన మనిషికి డబ్బు ముట్టాలంటే ఏదో ఒక లెక్క ఉండాల్సిందే. అయితే అది ఆ వేలు పనిలో ఏం చేసిందో మాత్రమే అడుగుతుంది. షిఫ్ట్ దిగాక ఏం చేసేదని అడగదు. ఈ కథనం ఆ రెండో ప్రశ్న గురించి.

జిన్నారం మండలంలోని గడ్డపోతారం, పక్కన కాజీపల్లి, బొల్లారం, ఇంకొంచెం పోతే బొంతపల్లి. హైవే వైపు పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం. మందుల ముడిసరుకు తయారయ్యే ఈ పారిశ్రామికవాడ అంతా చేతుల మీద నడుస్తుంది. రియాక్టర్‌లోకి సరుకు ఎక్కించే చెయ్యి, సెంట్రిఫ్యూజ్ నుంచి తడి పొడి తోడే చెయ్యి, ల్యాబులో గాజు సామాను పట్టే చెయ్యి, ఇంజనీరింగ్ యూనిట్లలో ప్రెస్ కింద రేకు పెట్టి తీసే చెయ్యి. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఔషధ పరిశ్రమ పేలి 40 మందికి పైగా చనిపోయినప్పుడు దేశమంతా ఇటు చూసింది. ఒక మనిషికి ఒక వేలు నలిగితే ఎవరూ చూడరు. ఆ వేలే ఆదివారం చర్చిలో కీబోర్డు మీద ఉండేది. బోనాలకు డప్పు మీద చిర్రను నడిపేది. బరంపురం నుంచో పాట్నా నుంచో వచ్చి ఆరుగురితో ఒక గదిలో ఉంటున్న కుర్రాడి గిటారు మీద తిరిగేది.

నా చెయ్యి గురించీ చెప్పాలి, ఎందుకంటే ఇదంతా నాకు పట్టిందే దానివల్ల. ఇక్కడి ఒక యూనిట్లో క్యూసీ ల్యాబులో పని. గాజు కండెన్సర్ విరిగి ఎడమ అరచేతిలో, చిటికెన వేలి మొదట్లో దిగింది. వేలిని ముడిచే టెండన్ తెగింది, పక్కనున్న నరమూ తెగింది. రెండూ కుట్టారు. వేలు మిగిలింది, కానీ సగమే ముడుచుకుంటుంది. ఒక పక్క స్పర్శ లేదు. చర్చిలో మూడు కార్డులతో మొదలై, ఫోన్లో వెస్ మాంట్‌గోమరీని విన్న రోజు నుంచి జాజ్ వైపు మళ్లిన చెయ్యి అది. మాంట్‌గోమరీ మన షిఫ్టుల మనిషే. ఇండియానాపోలిస్‌లో పగలు ఫ్యాక్టరీలో పని, రాత్రి క్లబ్బుల్లో వాయించడం. ప్లెక్ట్రమ్ పక్కన పెట్టి బొటనవేలి మెత్తటి కండతోనే తీగలు మీటేవాడు. 1960లో వచ్చిన అతని రికార్డుతో జాజ్ గిటారు తీరే మారిపోయింది. అలాంటి సంగీతాన్ని వదిలేసి నేను చాలా కాలం ఉన్నాను. గిటారు కవరులోనే ఉండిపోయింది. ఇంటికి ఎవరైనా వచ్చి "వాయిస్తలేవా?" అని అడిగితే మాట మార్చేవాణ్ణి.

బర్మింగ్‌హామ్‌లో ఒక ఫోర్‌మన్

1965, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్. రేకుల పని చేసే ఫ్యాక్టరీలో 17 ఏళ్ల టోనీ అయోమీకి అదే చివరి రోజు. బ్యాండుతో పాటు యూరప్ వెళ్లబోతున్నాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇక వెళ్లనంటే, పట్టిన పని సరిగ్గా ముగించి రమ్మని తల్లి మళ్లీ పంపింది. అతనిది వెల్డింగ్ పని. ఆ రోజు ప్రెస్ మీద ఉండాల్సిన మనిషి రాలేదు, అతన్ని అక్కడ నిలబెట్టారు. ఈ మాట చదివినప్పుడు గడ్డపోతారం, పాశమైలారం మనుషులెవరైనా ఒక్క క్షణం ఆగుతారు. "ఇయ్యాల ఆ మిషిన్ మీద నువ్వు నిలబడు" అన్న మాట ఇక్కడ వినని షెడ్డు ఉండదు. ప్రెస్ చేతి మీదికి దిగింది. చెయ్యి వెనక్కి లాక్కుంటే మధ్య వేలి కొస, ఉంగరపు వేలి కొస ఊడిపోయాయి. కుడి చెయ్యే. కానీ అయోమీది ఎడమచేతి వాటం, కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ కుడి చెయ్యే.

ఇక వాయించడం కుదరదని డాక్టర్లు చెప్పారు. ఆ తర్వాత ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఇంటికొచ్చి ఒక గిటారు రికార్డు ఇచ్చాడు. అయోమీకి వినాలని లేదు. ఫోర్‌మన్ పట్టుబట్టి వినిపించి, విన్నాక అప్పుడు చెప్పాడు: ఈ వాయించేవాడు ఎడమ చేతి రెండు వేళ్లతోనే వాయిస్తాడు. ఆ రికార్డు జాంగో రైన్‌హార్ట్‌ది.

అయోమీ గిన్నెలు కడిగే సబ్బు ద్రవం సీసాను కరిగించి, వేలి కొసలకు సరిపోయేలా తొడుగులు చేసుకున్నాడు. తీగ జారకుండా వాటి మీద తోలు అతికించాడు. మామూలు తీగలు నొక్కడం కష్టమైతే బాంజో తీగలు వేసి పల్చన చేసుకున్నాడు. 1970లో అతని బృందం 'బ్లాక్ సబ్బత్' తొలి రికార్డుతో వచ్చిన ఆ బరువైన ధ్వని జాజ్ కాదు, నేను దాన్ని జాజ్ అనను. కానీ దాని పుట్టుకలో ఒక జాజ్ రికార్డు ఉంది, ఒక ఫోర్‌మన్ ఉన్నాడు. నష్టపరిహారం లెక్కల్లో చోటులేని సాయం అది. ఆ ఫోర్‌మన్ తన కింద పనిచేసే కుర్రాడు గిటారు వాయిస్తాడని తెలుసుకుని ఉన్నాడు. ఇక్కడి సూపర్‌వైజర్లలో ఎంతమందికి తమ షిఫ్టులో ఎవరు ఏం వాయిస్తారో తెలుసు?

జాంగో దగ్గరికి

జాంగో రైన్‌హార్ట్ 1910లో బెల్జియంలోని లిబెర్షీలో పుట్టాడు. రోమా సంచార కుటుంబం. పారిస్ పొలిమేరల్లో బండి ఇళ్లలో కాపురం. పన్నెండేళ్ల వయసు దాటగానే నాట్యశాలల్లో అకార్డియన్ వాద్యగాళ్ల పక్కన బాంజో-గిటారు వాయించి సంపాదించడం మొదలుపెట్టాడు. 1928 నవంబరు 2 రాత్రి. భార్య అమ్మకానికి చేసిన కృత్రిమ పూలు బండి నిండా ఉన్నాయి. అవి సెల్యులాయిడ్‌వి.

సెల్యులాయిడ్ అంటే ఏమిటో ఈ ప్రాంతంలో విడమర్చి చెప్పనక్కర్లేదు. నైట్రోసెల్యులోజ్, కర్పూరం కలిపి చేసే పదార్థం. ఒకసారి అంటుకుంటే నీళ్లు తెచ్చేలోపే అయిపోతుంది. కొవ్వొత్తి మంట తగిలి బండి భగ్గుమంది. కుడి కాలు, ఎడమ చెయ్యి కాలాయి. కాలు తీసెయ్యాలన్నారు, అతను ఒప్పుకోలేదు. ఎడమ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు ముడుచుకుపోయి బిగుసుకున్నాయి. ఏడాదిన్నర పాటు మంచం, ఆసుపత్రి. ఆ రోజుల్లోనే తమ్ముడు జోసెఫ్ ఒక గిటారు తెచ్చి ఇచ్చాడు.

ఇక్కడ ఒక విషయం చాలామంది గమనించరు. మంటకు ముందు జాంగో జాజ్ వాద్యగాడిగా పేరున్నవాడు కాదు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులు అతను మనసారా విన్నది 1931లో, దక్షిణ ఫ్రాన్సులోని టూలోన్‌లో, ఎమీల్ సావిత్రీ అనే చిత్రకారుడి దగ్గర. అంటే జాజ్ అతని దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అప్పటికే మారిపోయి ఉంది. 1934లో స్టెఫాన్ గ్రాపెలీ వయొలిన్‌తో కలిసి పెట్టిన 'క్వింటెట్' బృందం, 1937లో రికార్డయిన 'మైనర్ స్వింగ్', యుద్ధకాలంలో 1940లో వచ్చిన 'న్యూవాజ్' అన్నీ ఆ చేతివే. 1930ల చివర్లో తీసిన ఒక చిన్న సినిమాలో ఆ చెయ్యి స్పష్టంగా కనిపిస్తుంది. చూపుడు వేలు, మధ్య వేలు తీగల మీద అడ్డంగా కాక నిలువుగా, గిటారు మెడ పొడవునా పరుగెడతాయి. బిగుసుకున్న రెండు వేళ్లూ పైతీగల మీద ఒరిగి కార్డుల్లో సాయం చేస్తాయి. నాలుగు వేళ్లున్నవాడు ఒకేచోట చెయ్యి పెట్టి ముగించే స్వరమాలను అతను తీగ వెంట జారుతూ దాటాలి. అందుకే అతని స్వరాలకు ఆ ఊపు, ఆ జారుడు. ప్రపంచమంతా ఇప్పుడు నాలుగు వేళ్లతో నేర్చుకునే బాణీ అది.

నాకు మళ్లీ గిటారు తియ్యాలనిపించింది ఆ సినిమా చూశాకే. ధైర్యం వచ్చిందనడం కంటే ఒక లెక్క తెలిసిందనడం నిజం. పోయిన వేలు చేసే పనిని మిగిలిన వేళ్ల మీద పంచలేం. పనినే మార్చాలి.

ఏ స్వరాలు వదలొచ్చు

మన వీణలోనో వయొలిన్‌లోనో కృతి వాయించాలంటే దాని సంగతులు, గమకాలు గురుముఖంగా వచ్చినవి. ఒక వేలు బిగుసుకుంటే ఆ గమకం ఎక్కడ దక్కుతుందో తెలియదు. జాజ్‌లో పాట వరస, దాని కార్డుల క్రమం మాత్రమే చేతికిస్తారు. మిగతాది వాయించేవాడి ఇష్టం. ఏ స్వరం పెట్టాలో ఎంత ముఖ్యమో, ఏది వదలాలో అంతే ముఖ్యం. గాయపడిన చేతికి చోటిచ్చే గుణం ఈ సంగీతం నిర్మాణంలోనే ఉంది. ఈ కథనంలో నేను చెప్పాలనుకున్న ముఖ్యమైన మాట ఇదే.

మాటలతో కాదు, తీగల మీద చూద్దాం. జాజ్‌లో అడుగడుగునా వచ్చే మూడు కార్డుల వరస ఒకటుంది: డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్. పుస్తకాల్లో వీటికి నాలుగైదు స్వరాలు, నాలుగు వేళ్లు. కానీ బాస్ స్వరం, దాని మూడోది, ఏడోది ఉంటే చెవి మిగతాది తనే నింపుకుంటుంది. డి మైనర్ సెవెన్‌కు మధ్య వేలు ఐదో తీగ ఐదో మెట్టు మీద, చూపుడు వేలు నాలుగో తీగ మూడో మెట్టు మీద, ఉంగరపు వేలు మూడో తీగ ఐదో మెట్టు మీద. జి సెవెన్‌కు చూపుడు వేలు కదలదు. ఉంగరపు వేలు ఒక్క మెట్టు కిందికి దిగుతుంది, మధ్య వేలు ఆరో తీగ మూడో మెట్టుకు వస్తుంది. సి మేజర్ సెవెన్‌కు ఇప్పుడు ఉంగరపు వేలు ఉన్నచోటే ఉంటుంది, చూపుడు వేలు ఒక్క మెట్టు దిగుతుంది, మధ్య వేలు ఐదో తీగ మూడో మెట్టు మీదికి పోతుంది. అంతే. లోపలి రెండు స్వరాల్లో ఒకటి ఆగుతుంది, ఇంకొకటి దిగుతుంది. మళ్లీ ఆగినది దిగుతుంది, దిగినది ఆగుతుంది. చిటికెన వేలికి పనే లేదు. సాయంత్రం గదిలో తలుపేసుకుని ఇది మొదటిసారి సరిగ్గా మోగినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇది గాయపడినవాళ్ల కోసం కనిపెట్టిన ఉపాయం కాదు. 1937 నుంచి 1987లో చనిపోయేదాకా కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాలో రిథమ్ గిటారు వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ చాలాసార్లు మూడు స్వరాలు పట్టుకుని ఒక్క తీగనే గట్టిగా మోగనిచ్చేవాడు. బాకాలు, డ్రమ్స్ హోరులో ఆ ఒక్క స్వరం పదిహేను మందినీ నడిపించింది. చేతిలో నాలుగు వేళ్లూ బాగున్నవాడు ఎంచుకున్న పద్ధతి అది. దెబ్బ తగిలాక మనకు మిగిలిన దారి, ఆ సంగీతంలో అప్పటికే రాజబాట.

పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్‌తో 'రిమెంబర్ శక్తి' బృందంలో ఏళ్ల పాటు వాయించిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌ను మనవాళ్లు చాలామంది విన్నారు. ఆయన చేతికి కీళ్లవాతం వచ్చింది, ఆ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. 2017లో అమెరికాలో వీడ్కోలు పర్యటన చేశాడు. ఆ తర్వాత 2023లో, ఎనభై దాటాక, 'శక్తి' పేరుతో కొత్త రికార్డు వచ్చింది. మరుసటి ఏడాది దానికి గ్రామీ దక్కింది.

లోపల ఏం జరుగుతుంది

కుట్టిన టెండన్ మొదటి రెండు మూడు వారాల్లో చాలా బలహీనంగా ఉంటుంది. పూర్తి బరువు మోయడానికి దాదాపు పన్నెండు వారాలు పడుతుంది. కదపకుండా ఉంచితే చుట్టూ ఉన్న కండకు అతుక్కుంటుంది. తొందరగా లాగితే కుట్టు తెగుతుంది. అరచేయి మధ్య నుంచి వేలి నడిమి కణుపు దాకా ఉన్న భాగాన్ని ఒకప్పుడు శస్త్రవైద్యులే 'ఎవరికీ చెందని నేల' అని పిలిచేవారు, అక్కడ కుడితే అంత తరచుగా అతుక్కునేది కాబట్టి. తెగిన నరం మళ్లీ పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. అరచేతి నుంచి వేలి కొసకు నెలలు. ఈ లెక్క తెలియక, వారం వారం ముందుకు కదలడం లేదని నిరాశ పడేవాళ్లు చాలామంది. రామచంద్రాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రికి ఫిజియోథెరపీకి పోవాలంటే ఒక పూట కూలి వదులుకోవాలి కాబట్టి, మూడోసారికి మానేసేవాళ్లు ఇంకా ఎక్కువ. వేలు బిగుసుకుపోయేది అక్కడే. గడ్డపోతారం, బొంతపల్లి చుట్టుపక్కల సాయంత్రం షిఫ్టు తర్వాత తెరిచి ఉండే చేతి వ్యాయామ కేంద్రం ఒకటుంటే, పర్సెంటేజీల అవసరమే ఎంతో తగ్గుతుంది. ఇది ఎవరి దయ కిందా అడగాల్సినది కాదు.

చెయ్యి కొత్తగా నేర్చుకోగలదని మన దక్షిణాదిలోనే తేలింది. 1940ల చివర్లో రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పాల్ బ్రాండ్ అనే డాక్టరు కుష్ఠుతో వంకరపోయిన చేతులకు ఆపరేషన్లు మొదలుపెట్టాడు. పనిచేసే కండరం టెండన్‌ను పని పోయిన వేలికి మళ్లించడం ఆయన పద్ధతి. ఉంగరపు వేలి టెండన్‌ను బొటనవేలికి కలిపితే, మనిషి ఉంగరపు వేలు ముడవాలనుకోగానే బొటనవేలు కదులుతుంది. కొన్ని వారాల సాధనతో మెదడు ఆ కొత్త దారిని సొంతం చేసుకుంటుంది, తర్వాత ఆలోచించే పని ఉండదు.

1984లో మైకేల్ మెర్జెనిక్ బృందం కోతుల మీద చేసిన ప్రయోగంలో, తీసేసిన వేలికి మెదడులో ఉన్న చోటును పక్క వేళ్లు ఆక్రమించుకున్నాయని తేలింది. 1995లో జర్మనీలో తీగ వాద్యాలు వాయించేవాళ్లను పరీక్షిస్తే, వాళ్ల ఎడమ చిటికెన వేలికి మెదడులో దక్కిన చోటు సంగీతం తెలియనివాళ్ల కంటే ఎక్కువ. చిన్నతనంలో మొదలుపెట్టినవాళ్లలో ఇంకా ఎక్కువ. ఈ రెండూ కలిపి చదివితే ఒకటి అర్థమైంది. నేను గిటారు ముట్టని ఆ కాలమంతా నా వేలి చోటు ఖాళీగా లేదు. పక్కవి వచ్చి కూర్చున్నాయి. వాటికి పని చెప్పాలి.

ఇక సాధన సంగతి. మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు నా చెయ్యి నేర్పినవి కొన్ని రాస్తాను. బరువైన తీగలు తీసేసి పల్చనివి వెయ్యండి. తీగకూ మెట్లకూ మధ్య ఎత్తు షాపులో తగ్గించమనండి. డ్యూటీకి పోయేముందు కాదు, చెయ్యి వెచ్చబడ్డాక వాయించండి. చలికాలం అయితే గోరువెచ్చని నీళ్లలో చెయ్యి పెట్టి తీశాక. ఒకేసారి గంట కూర్చోవద్దు, ఐదు నిమిషాల చొప్పున రోజులో చాలాసార్లు చాలు. మెట్రోనోమ్ అరవై మీద పెట్టి, అక్కడే ఉండండి. వేలి కొసల కాయలు ఎప్పుడో పోయి ఉంటాయి, అవి మళ్లీ వస్తాయి. అలసట గిటారు పక్కన పెడితే పోతుంది, తెల్లారి కూడా మిగిలేది నొప్పి, దానికి డాక్టరు కావాలి. స్పర్శ లేని వేలితో నొక్కుతున్నప్పుడు తీగ ఎక్కడుందో తెలియదు కాబట్టి కంటితో చూసుకోవాలి. జాజ్ వాద్యగాళ్లు చెయ్యి చూడకూడదంటారు. నేను చూస్తాను.

అన్నిటికంటే కష్టమైనది వేగం గురించిన జ్ఞాపకం. చెవికి పాత చెయ్యి గుర్తుంటుంది. నా పాత రికార్డింగులు ఫోన్లో ఉన్నాయి, చాలా రోజులు వాటితో పోల్చుకుంటూ కూర్చున్నాను. ఏకలవ్యుడి కథ మనమంతా బొటనవేలు కోసి ఇవ్వడం దగ్గర ఆపేస్తాం. సంస్కృత భారతం ఆదిపర్వంలో ఆ తర్వాత ఇంకో మాట ఉంది. మిగిలిన వేళ్లతో అతను మళ్లీ బాణం వేసి చూశాడని, మునుపటి వేగం రాలేదని. ఆ తర్వాతి సాధన గురించి ఎవరూ రాయలేదు. 'మయూరి' చూసిన మన తరానికి తిరిగి రావడం అంటే రంగస్థలం, చప్పట్లు. 1981 ప్రమాదంలో కాలు పోయి, జైపూర్ కాలుతో మళ్లీ నాట్యం చేసిన సుధా చంద్రన్ 1985లో తన కథను తనే ఆ సినిమాలో నటించింది. ఆ విజయాన్ని తక్కువ చెయ్యను, ఆ సినిమా చూసి ఏడ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి. కానీ చాలామందికి సభ ఉండదు, ముగింపు రోజు ఉండదు. సీ షిఫ్ట్ దిగి వచ్చి, పక్కవాళ్లు నిద్రపోతుంటే ప్లగ్ పెట్టకుండా ఎలక్ట్రిక్ గిటారు మీద మూడు కార్డులు వాయించుకునే సాధన అది. దాన్నీ తిరిగి రావడమే అనాలి.

చెయ్యి బాగున్నా మనిషి తిరిగి రావాల్సి వచ్చిన కథ పాట్ మార్టీనోది. ఫిలడెల్ఫియాలో 1944లో పుట్టి, ఇరవై ఏళ్లకే జాజ్ గిటారులో ముందువరసలో నిలిచాడు. పుట్టుకతో మెదడు రక్తనాళాల్లో ఉన్న లోపం వల్ల 1980లో ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. కళ్లు తెరిచేసరికి తల్లిదండ్రులను కూడా గుర్తుపట్టలేదు. గిటారు కూడా పోయింది. ఇంట్లో తండ్రి అతని పాత రికార్డులే పెట్టి వినిపించేవాడు. తన రికార్డులు తనే విని, తన నుంచే తను నేర్చుకున్నాడు. 1987లో న్యూయార్క్‌లోని 'ఫ్యాట్ ట్యూస్‌డేస్' అనే క్లబ్బులో ప్రేక్షకుల ముందు వాయించి రికార్డు చేశాడు. దానికి 'ద రిటర్న్' అని పేరు పెట్టాడు. ఆ తర్వాత గిటారిస్టుగానే బతికాడు, 2021లో చనిపోయాడు.

అదే క్లబ్బులో ఆ రోజుల్లో సోమవారాలు వాయించిన ఇంకో మనిషి లెస్ పాల్. ఈయన కథ ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లంతా తెలుసుకోవాలి. 1948 జనవరిలో ఓక్లహోమాలో కారు ప్రమాదంలో కుడి మోచెయ్యి నుజ్జయింది. ఇక అది వంగదు, ఏదో ఒక కోణంలో బిగించాల్సిందే. గిటారు పట్టుకుని తీగలు మీటగలిగే కోణంలో బిగించమని ఆయన డాక్టర్లను అడిగాడు, వాళ్లు అలాగే చేశారు. ముసలితనంలో కీళ్లవాతంతో వేళ్లు కూడా బిగుసుకున్నాయి. అయినా సోమవారాలు మానలేదు, 2009లో 94 ఏళ్లకు చనిపోయే ఏడాది దాకా.

లెస్ పాల్ అడిగాడు కాబట్టి డాక్టర్లకు తెలిసింది. ఇక్కడ కూడా అడగాలి. చేతికి దెబ్బ తగిలి ఆసుపత్రికి చేరినప్పుడు పేరు, కంపెనీ, ఈఎస్‌ఐ నంబరు, ప్రమాదం జరిగిన సమయం రాసుకుంటారు. "సార్, నేను గిటారు వాయిస్తా" అని, కీబోర్డో డప్పో అయితే అదే చెప్పండి. కుట్టేముందే చెప్పండి, స్ప్లింట్ కట్టేముందు ఇంకోసారి చెప్పండి. కేస్ షీట్ మీద రాయించండి. మీరు మాట్లాడే స్థితిలో లేకపోతే మీతో వచ్చిన అన్నకో తోటి కార్మికుడికో ముందే చెప్పి ఉంచండి. ఏ వేలు ఎంత ముడవాలో డాక్టరుకు చూపించడానికి, తీగలు పట్టుకుని ఉన్న మీ చెయ్యి ఫొటో ఒకటి ఫోన్లో ఉంచుకోండి.